కింద నిప్పున్న ఊరు

చిన్నప్పుడు మా నాయన నన్ను బడికి కాకుండా మామిడితోపు కాపలాకు పంపాడు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ నోటితో చెప్పడమే గాని రాయలేకపోయాను.

చిత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సులో నా పక్కన కూర్చున్నామె రెండు కాళ్ళూ సీటు మీదికి ముడుచుకుంది. పూతలపట్టు దాటినా దించలేదు.

"కాళ్ళు దించుకోమ్మా, తిమ్మిరెక్కుతాయి" అన్నాను.

"కింద కాలతాండాది గదక్కా."

వంగి చేయి పెట్టి చూశాను. కాళ్ళ కింది రేకు వెచ్చగానే ఉంది. "ఇంజను వేడిలే" అన్నాను.

"మేమూ మొదట్లో ఎండ వేడనుకుంటిమి."

ఆమెను ఉత్తరాదిన బొగ్గు గనుల ఊరికి ఇచ్చారట. వాళ్ళ ఇళ్ళ కింద పాత గనిలో బొగ్గు ఏళ్ళుగా మండుతోందట. కొడుకు, కోడలు, పసిబిడ్డ ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళకు ఇక్కడ కాస్త చోటిమ్మని తమ్ముణ్ణి అడగడానికి పోతోంది.

"ప్రభుత్వం ఆర్పదా?"

"తవ్వేదానికైతే డబ్బులిస్తారక్కా. చైనాలో, జర్మనీలో గూడా నష్టమొచ్చినా సర్కార్లే డబ్బిచ్చి తవ్వించినాయంట. ఆర్పేదానికి మాత్రం ఎవురికీ చేతులు రావు." చిన్నగా నవ్వింది. "మా ఊర్లో పొద్దున్నే ఇంటి లోపల గూడా కళ్ళాపి చల్లుతాము. ముందు ఆరిన చోట బిడ్డను పండబెట్టము."

ఆమె తమ్ముడు చోటిచ్చాడో లేదో నాకు తెలియదు.

మరునాడు పొద్దున కళ్ళాపి చల్లి, ముగ్గుపిండి పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. గడప పక్కన ఒక చోట ముందుగా ఆరింది. మనవరాలిని ఆ పూట చంకలోంచి దించలేదు.