గోడెక్కిన ఆకుపచ్చ సైకిల్

సైకిళ్ళు పెట్టుకునే కొట్లోకి దిగిందంటే రూల్ఫీనా హామ్మింగా అనే ఫీనా నోరు ఊరుకునేది కాదు. గ్రోనింగన్‌లో కాలవ గట్టున ఉన్న ఇటుక భవనం అడుగున ఉండేది ఆ కొట్టు. పై అంతస్తుల్లో కాపురముంటున్నవాళ్ళ సైకిళ్ళతో పాటు, ఇల్లు ఖాళీ చేసి పోయినవాళ్ళవీ, కొత్తది కొనుక్కుని పాతదాని మొహం చూడటం మానేసినవాళ్ళవీ అక్కడ ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉండేవి. గాలి పోయిన టైర్లు, తుప్పు కారిన గొలుసులు, సాలీళ్ళు కాపురం పెట్టిన హ్యాండిళ్ళు.

"చూడవే, మూడో అంతస్తు పిల్లది దీన్ని ఎందుకొదిలేసిందో తెలుసా? పంక్చరు పడిందట! చెప్పులో ముల్లు గుచ్చుకుంటే కాలు కోసి పారేసుకుంటుందా?" అనేది వెనకాలే కర్ర పొడుచుకుంటూ దిగిన గీసీన్‌తో.

గీసీన్ ఎదురు వాటాలో ఉండేది. తుంటి ఆపరేషనైన దగ్గర్నుంచి సైకిలెక్కలేదు. ఫీనా తిట్లు వింటూ కూర్చోవడం కన్నా ఆమెకు వేరే వినోదం లేదు. "నీ నోట్లో నోరు పెట్టే మొనగాడు పుట్టలేదే" అని నవ్వేది.

ఫీనా తిట్టడానికి కారణముంది. ఆమె పుట్టింది అట్టల ఫ్యాక్టరీ తప్ప మరో ఆధారం లేని పల్లెలో. ఇంటి మొత్తానికి ఒకటే సైకిల్. దాన్నెక్కి తండ్రి పనికి పోతే, తిరిగొచ్చాక తల్లి బంగాళాదుంపల బస్తా కోసం తీసుకెళ్ళేది. పిల్లలు చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ బడికి నడిచేవారు. ఆదివారాలు వంతులు వేసుకుని ఆ సైకిల్‌ని ముట్టుకునేవారు. తొక్కడానికి కాదు, తుడవడానికి. పెళ్ళయ్యాక మొగుడు లుబ్బెర్ట్ మంచివాడే గానీ చేతులు వెన్నముద్దలు. పంక్చరు వేసుకు రమ్మంటే ట్యూబుకి మరో రెండు చిల్లులు పెట్టి తెచ్చేవాడు. ఆ బాధ పడలేక ఫీనాయే పానా పట్టింది. బతుకంతా ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు ఉతికి, లుబ్బెర్ట్‌ని సాగనంపి, పింఛను మీద కూర్చునే నాటికి ఆ చేతులకి తెలిసిన సరదా అదొక్కటే. తోటి ఆడవాళ్ళు ఎండ కోసం స్పెయిన్ పోతుంటే ఈవిడ కొట్లోకి దిగేది.

దిక్కులేని సైకిల్‌ని బాగుచేసి, అవసరమున్నవాళ్ళకి ఊరికే ఇచ్చేసేది. షరతు ఒకటే, తొక్కాలి. వానొచ్చినా తొక్కాలి. ఒకసారి తానిచ్చిన సైకిల్ రొట్టెల కొట్టు ముందు వారం రోజులుగా మంచులో నానుతోందని తెలిసి, పోయి నడిపించుకొచ్చేసింది. వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడు లబలబలాడితే, "నీకు కాళ్ళున్నాయిగా, వాటినైనా లోపల పెట్టుకుని పడుకో" అని తలుపేసింది.

ఆ భవనం సంఘానికి పెద్ద ఎవర్ట్ టొంకెన్స్. ఇళ్ళు అమ్మిపెట్టే వ్యాపారం. మనిషి ఎప్పుడూ ఇస్త్రీ మడతలా ఉండేవాడు. బ్యాటరీ సైకిల్ మీద చెమట పట్టకుండా పోయి చెమట పట్టకుండా వచ్చి, సంఘం మీటింగుల్లో మాత్రం మన ఊరి సైకిల్ సంస్కృతి అంటూ ఉపన్యాసం దంచేవాడు. కొట్టు నిండిపోతోందని ఒక రూలు పెట్టింది కూడా ఆయనే. ప్రతి సైకిల్‌కీ పసుపు కాగితం పట్టీ కడతారు. ఎవరి పట్టీ వాళ్ళు తెంపుకోవాలి. గడువు దాటాక పట్టీ మిగిలిన సైకిల్ దిక్కులేనిదే. కావలసినవాళ్ళు పట్టుకుపోవచ్చు.

గడువు దాటింది. చెత్తడబ్బాల వెనక ఒక పొడుగాటి ఇనప సైకిల్ పసుపు పట్టీతో మిగిలింది. ఒకప్పుడు ఆకుపచ్చది. గొలుసుకి మూత కవరు, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. హ్యాండిల్‌కి ఎవరో తడి గొడుగు తగిలించి మరిచిపోయారు. ఆ గొడుగు టొంకెన్స్‌దని గుర్తుపట్టగానే సైకిల్ ఎవరిదో ఫీనాకి అర్థమైంది. టొంకెన్స్ తన బ్యాటరీ సైకిల్ దింపుతుంటే అడ్డం నిలబడింది.

"టొంకెన్స్ గారూ, ఈ ఆకుపచ్చది తమరిది కాదూ?"

"ఆ తుక్కా?" ఆయన మొహం కూడా తిప్పలేదు. "కాదమ్మా. తీసుకెళ్ళండి, కొట్టు కాస్త ఖాళీ అవుతుంది."

"సరిగ్గా చూడండి. రేప్పొద్దున నాదంటే కుదరదు."

"అబ్బబ్బ, తీసుకెళ్ళమంటున్నానుగా!" గొడుగు మాత్రం తీసుకుని మెట్లెక్కేశాడు.

"విన్నావుటే?" అంది ఫీనా, పక్కనే ఉన్న గీసీన్‌తో.

"ఎందుకు వినలేదూ? పాడైంది నా తుంటి, చెవులు కాదు" అంది గీసీన్.

ఆ చలికాలమంతా ఫీనా ఆ సైకిల్‌తోనే గడిపింది. ఒక్కో మర సీలనీ నూనె పోసి, బతిమాలి, తిట్టి ఊడదీసింది. గొలుసు తుప్పు ముద్దైపోయింది, కొత్తది వేయక తప్పలేదు. ఇరుసులు విప్పితే లోపలి గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. ఇరుసుల ఉక్కు బాల్సు, చక్రం లోపలి బ్రేకు, ట్యూబులు మార్చింది. చచ్చిన సైకిళ్ళ నుంచి పుల్లలు ఏరి వెనక చక్రం మళ్ళీ అల్లింది. బెండు తీయడానికే ఎన్ని మధ్యాహ్నాలు పోయాయో! ఉప్పుకాగితం పెట్టి గీకి గీకి వేళ్ళ కొనలు రేగిపోయాయి. రంగు కలిపి, నచ్చక, మళ్ళీ కలిపి, ఆకుపచ్చకి ఆకుపచ్చే వేసింది. "సంస్కృతి చూడవే, సంస్కృతి" అనేది తుప్పు దులిపినప్పుడల్లా. "దీని మీద గొడుగులారేసుకుంటున్నాడు!"

ఎండ మొహం చూసిన మొదటి శనివారం దాన్నెక్కి చేపల సంతకి బయల్దేరింది. ఎదురుగాలి. అయినా సైకిల్ చప్పుడు చేయకుండా సాగిపోయింది. ఇచ్చేయడానికి ఎవరినీ ఇంకా అనుకోలేదు. మొదటిసారి ఒకటి తనకే ఉంచుకుందామా అనిపించింది. ఆ అనుకోవడానికే కాస్త సిగ్గుపడుతూ, సంతలో ఉప్పులో నానిన పచ్చి చేపని ఆ ఊరి పద్ధతిలో తోక పట్టుకుని నోట్లో వేసుకోబోతుంటే వెనక నుంచి కేక.

"ఇది నా సైకిల్!"

టొంకెన్స్ చేతిలో కాఫీ గ్లాసు తొణికిపోతోంది. "నా కాలేజీ రోజుల సైకిల్! నా పడుచుదనమంతా దీని మీదే గడిచింది!"

"మీ పడుచుదనం చెత్తడబ్బా పక్కన కుళ్ళుతుంటే కనపడలేదేం?" చేప నమిలి మింగి, మూతి తుడుచుకుని, సైకిలెక్కి వచ్చేసింది ఫీనా.

వారం తిరక్కుండానే మీటింగు పెట్టాడు. కింది హాల్లో అందరికీ తలో కాఫీ, తలో ఒక్క బిస్కెట్టు. టొంకెన్స్ లేచి మాట్లాడాడు. సముద్రపు గట్టు మీద ఆ సైకిల్ తొక్కిన సాయంత్రాలు, మొదటి ఉద్యోగానికి దాని మీదే వెళ్ళిన ఉదయం. మధ్యలో ఆగాడు. జేబురుమాలు తీసి కళ్ళొత్తుకున్నాడు. తుప్పు పట్టి మారిపోయి ఉండటం వల్ల పోల్చుకోలేకపోయానన్నాడు. హాలంతా అయ్యో అంది. సైకిల్‌కి తుప్పు పట్టించిన మనిషి మీద జాలి పడుతున్న ఆ జనం మధ్య ఫీనా కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"తుక్కు తీసుకెళ్ళమన్నది ఈయనే. నేను రెండుసార్లు అడిగాను. గీసీన్ విన్నది, అడగండి."

అందరూ అటు తిరిగారు. గీసీన్ కర్ర మీద చేతులు మార్చుకుంది. "ఏదో అన్నట్టే ఉన్నారు... సరిగ్గా ఏమన్నారో..." అని నసిగింది.

సైకిల్ ఆయనకిచ్చేయాలన్నవాళ్ళు చేతులెత్తమన్నారు. ఎత్తారు. ఆ చేతుల్లో ఒకటి ఆలస్యంగా, సగానికి లేచి, ఆగి, పూర్తిగా లేచింది. ఫీనా మిగతా చేతులేవీ చూడలేదు. గీసీన్ చేతినే చూసింది.

పట్టుకుని వేలాడే రకం కాదు ఫీనా. తాళంచెవి బల్ల మీద పెట్టింది. "రోజూ తొక్కాలి. వానలో కూడా."

"తప్పకుండా! అందరి ముందూ మాటిస్తున్నాను" అన్నాడు టొంకెన్స్. మర్నాడు థ్యాంక్స్ అని ఒక పూలకుండీ పంపాడు. ఫీనా దాన్ని మెట్ల మీద వదిలేసింది. ఎవరిదో పిల్లి దాన్ని వాడుకుంది.

ఆ తర్వాత గీసీన్ తలుపు తట్టినా ఫీనా తీసేది కాదు. మెట్ల మీద ఎదురుపడితే గోడ వైపు తిరిగి దిగిపోయేది. రోడ్డు మీద ఆకుపచ్చ సైకిల్ ఎక్కడా కనపడలేదు. వర్షాలని సర్దిచెప్పుకుంది. ఒక మధ్యాహ్నం రొట్టె కొనుక్కుని వస్తూ తలెత్తి చూసింది. ఆ ఊళ్ళో కిటికీలకి పరదాలు వేసుకునే అలవాటు ఎవరికీ లేదు. టొంకెన్స్ ముందు గదిలో, సోఫా పైన, గోడకి ఇత్తడి కొక్కేల మీద వేలాడుతోంది సైకిల్. దాని మీదికి ఒక దీపం వంచి పెట్టాడు. చుట్టాలు గ్లాసులు పట్టుకుని నిలబడి చూస్తున్నారు. ఒకాయన పెడల్‌ని వేలితో తోశాడు. వెనక చక్రం గాల్లో గిర్రున తిరిగింది. అందరూ నవ్వారు.

వానలో ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. రొట్టె నానిపోయింది.

మర్నాడు పొద్దున్నే పానాలూ బకెట్టూ పట్టుకుని టొంకెన్స్ గుమ్మంలో దిగింది.

"రండి, రండి! వచ్చినవాళ్ళందరూ మీ పనితనాన్ని ఒకటే మెచ్చుకోవడం" అన్నాడాయన.

"తొక్కుతానన్నారు."

"ఇంత అందమైనదాన్ని బురదలో ఎలా తొక్కుతామండీ? మీరే చెప్పండి."

"అంతే లెండి. తొక్కని సైకిల్‌కి గొలుసెందుకు మరి?"

ఆయనకి అర్థం కాలేదు. ఫీనా చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "గొలుసు, బాల్సు, ట్యూబులు, లోపలి బ్రేకు, ఇవన్నీ నావి. కదిలే సైకిల్ కోసం వేశాను. గోడకి బ్రేకెందుకండీ, ఎక్కడికైనా దొర్లిపోతుందా? మీ ఇనుము మీకుంచి నావి నేను పట్టుకుపోతాను. కాదంటే మళ్ళీ మీటింగు పెట్టించండి, అందరి ముందూ మీరిచ్చిన మాట గుర్తుచేస్తాను."

టొంకెన్స్ కాసేపు సైకిల్‌నీ ఆమెనీ చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "బయటికి కనపడదంటారా?"

అప్పటిదాకా ఆయన మీద కోపమే ఉండేది ఫీనాకి. ఆ ఒక్క మాటతో అదీ పోయింది. కోపం పెట్టుకోవడానికి కూడా మనిషిలో కాస్త సరుకుండాలి.

"కనపడదు లెండి" అంది. "మూత వేసే ఉంటుందిగా."

నేల మీది తెల్ల తివాచీ పాడవకుండా దుప్పటి పరిచాడాయన. అదే ఆయన చేసిన సాయం. ఫీనా సైకిల్‌ని కొక్కేల మీంచి దింపి, తీరిగ్గా కూర్చుని గొలుసు లాగింది, ఇరుసులు విప్పి బాల్సు బకెట్లో పోసుకుంది, బ్రేకు ఊడబెరికింది. టైర్లు ముడతలు పడకుండా ట్యూబుల బదులు ఆయన బల్ల మీది కాగితాలే మెలిపెట్టి కూరింది. అమ్మకానికున్న ఇళ్ళ ప్రకటనలు. చేతుల నిండా మసితో లేచి, మళ్ళీ కొక్కేలకి తగిలించేసరికి సైకిల్ గోడ మీద నిగనిగలాడుతోంది.

"అచ్చం అలాగే ఉంది!" అన్నాడు టొంకెన్స్ సంబరంగా.

"అలాగే ఉంది" అంది ఫీనా.

కొట్లో ఎవరో వదిలేసిన పొట్టి బూడిదరంగు లేడీస్ సైకిల్ ఒకటుంది. చూపుకి ఏమీ బాగుండదు. ఆ సరుకంతా దానికెక్కించడం మొదలుపెట్టింది. మూడో నాడు మెట్ల మీద కర్ర చప్పుడైంది. గీసీన్ సంకలో కేకు పొట్లంతో దిగింది.

"ఎన్నాళ్ళు మూతి ముడుచుకుంటావే?"

ఫీనా పానా తిప్పుతూనే ఉంది.

"తప్పే. తెలుసు. మొగాడు అలా కళ్ళొత్తుకుంటుంటే నా చెయ్యి దానంతటదే లేచిందే."

"నీ చేతికి బుద్ధి లేదు" అంది ఫీనా తలెత్తకుండా. "ఇటు పట్రా దాన్ని. ఈ చక్రం కదలకుండా పట్టుకో."

గీసీన్ కర్ర గోడకి ఆనించి చక్రం పట్టుకుంది. పుల్లలు ఒక్కొక్కటే బిగిశాయి. ఫీనా సీటు బాగా కిందికి దించడం చూసి గీసీన్ అడిగింది. "ఎవరికే ఇది, మరుగుజ్జుకా?"

"మీటింగుల్లో చెయ్యెత్తే జబ్బున్న ఒక ముసలిదానికి."

గీసీన్ చక్రం వదిలేసి కర్ర అందుకుంది. "నా వల్ల కాదే. నా తుంటి..."

"డాక్టరు తొక్కమన్నాడని నువ్వేగా ఊరంతా చెప్పావు? పడితే లేపుతాను. లేపుతూ తిడతాను."

పడలేదు. కాలవ గట్టున మొదటి రోజు తాగినదానిలా వంకరటింకరగా పోయింది గానీ పడలేదు. వెనకాలే ఫీనా తన పాత సైకిల్ మీద కేకలేస్తూ పోయింది. "ముందు చూడవే! నీళ్ళలో ఏం కనపడుతోంది, నీ మొహమా?" టొంకెన్స్ చుట్టాల్లో ఎవరికీ గోడ మీది సైకిల్ సంగతి తెలియలేదు. తెలియాలని ఫీనా అనుకోనూ లేదు. ఆ గదిలోకి వచ్చేవాళ్ళు ఎవరూ గొలుసు తడిమి చూసే బాపతు కాదు, పెడల్ మీద వేలు పెట్టబోతే టొంకెన్సే ఆపేసేవాడు.

వేసవి మధ్యలో ఒకరోజు ఇద్దరూ సంతకి పోతుంటే పడవ కోసం వంతెన లేపారు. ఆగారు. గీసీన్ సర్దుక్కూర్చుని మూలిగింది. "ఈ సీటు రాయిలా ఉందే."

"మెత్తగా కావాలంటే టొంకెన్స్ ఇంట్లో సోఫా ఉంది, పో."

"నీ నోరు పడ!" అంది గీసీన్. వంతెన దిగీ దిగకముందే పెడల్ తొక్కి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఫీనా ఆమెని అందుకోవడానికి నిజంగానే వంగి తొక్కాల్సొచ్చింది.