వేడి మీద బిగించిన కాయిల్

నాన్న పోయాక నాచారంలోని మా ట్రాన్స్‌ఫార్మర్ల కార్ఖానా నా చేతుల్లో మూడేళ్లే నిలిచింది. ఉప్పల్ పరీక్షా కేంద్రంలో మా సరుకు షార్ట్ సర్క్యూట్ పరీక్షకు తట్టుకోలేదు. ఆర్డర్లు ఆగిపోయాయి, షెడ్డు అమ్మేశాం.

కొన్నేళ్లకు, మా దగ్గర కాయిళ్లు చుట్టిన మనిషే పీర్జాదిగూడలో సొంత షెడ్డు పెట్టాడు. తన మొదటి ట్రాన్స్‌ఫార్మర్‌ను అదే పరీక్షకు తెస్తూ, కాగితాల పని నాకు తెలుసని నన్ను రమ్మన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. అతని ట్రాన్స్‌ఫార్మర్ పరీక్షలో పోవాలని కోరుకుంటూ వెళ్లాను. నెగ్గిందంటే, మాది పోయింది మా రాత వల్ల కాదని, నా వల్లేనని తేలిపోతుంది.

అక్కడి ఇంజనీర్లు అతన్ని అన్నా అని పలకరించి టీ తెప్పించారు. ఇరవై ఏళ్లు మా ఆఫీసు గడప బయట చెప్పులు విడిచిన మనిషి. నాకు కుర్చీ చూపించింది కూడా అతనే.

గోడ అవతల పరీక్ష కరెంటు వదలగానే దబ్బుమని ఒక్క మోత. తరువాత ట్యాంకు మూత తీసి, నూనె కారుతున్న కాయిళ్లను క్రేన్‌తో పైకి లేపారు. కాయిళ్లను బిగించి పట్టే చెక్క దిమ్మెల్లో ఒక్కటీ కదల్లేదు. నెగ్గింది.

ఓవెన్‌లో ఆరిన కాయిల్ కాస్త కుంగుతుంది. వేడి తగ్గకముందే దిమ్మెలను మళ్లీ బిగించాలి, లేకుంటే షార్ట్ సర్క్యూట్ దెబ్బకు కాయిల్ జరిగిపోతుంది. నాన్న చేతులు కాలుతున్నా ఆ పని తానే చేసేవారు. యజమాని కొడుకు నూనె నేల మీద కూర్చోవడమేమిటని నేను ఆఫీసు గది దాటలేదు. నాన్న పోయాక, పరీక్షకు తీసుకెళ్లే లారీ ఎదురుచూస్తోందని, బిగించకుండానే కాయిల్‌ను ట్యాంకులో దించమన్నదీ నేనే. ఆ రోజు ఇతను ఏదో చెప్పబోతే, చుట్టడం వరకే నీ పని అన్నాను.

"పెద్దసారు చెయ్యి పట్టుకొని నేర్పిండు, చిన్నసారూ," అన్నాడు. "మీ కోసం తలుపు దిక్కు సూసెటోడు. పిలుస్తనని నేనంటే, వద్దు, వాడంతట వాడే రావాలె అనెటోడు."

నాన్న ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు. అతనితో అన్నారు.

అతని అరచేతుల మీద కాలిన మచ్చలున్నాయి, నాన్నకు ఉన్నచోటనే. నా చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. సాక్షి సంతకం చెయ్యమని అతను పత్రం చాపినప్పుడు తీయక తప్పలేదు. అతని కంపెనీ పేరు కింద మా ఇంటిపేరు పూర్తిగా రాసి, సంతకం చేశాను.