సిక్కు మహారాజు అత్తగారు

మా అత్తకు హిందీ రాదు. నాకు వచ్చు. మా నాన్న రైల్వే ఉద్యోగి కావడంతో ఖరగ్‌పూర్ క్వార్టర్స్‌లో పెరిగాను. పెళ్లయి వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరితోటల ఊరికి వచ్చాక, ఆ హిందీయే మా ఇద్దరికీ పేచీ తెచ్చింది.

మా వీధికి ఇంకా కేబుల్ రాలేదు. ఆదివారాలు దూరదర్శన్‌లో పంజాబును ఏలిన ఒక సిక్కు మహారాజు కథ హిందీ సీరియల్‌గా వచ్చేది. గుర్రాలు, కత్తులు, రంగురంగుల తలపాగాలు. అత్తకు దాని మీద మోజు పుట్టింది. నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పాలి. చెబితే నమ్మదు.

"ఆడంతసేపు మాటాడితే నువ్వు రెండు ముక్కలే సెప్తన్నావేటే?" అనేది. వివరంగా చెబితే, "ఆడన్నది రెండు ముక్కలు. ఇంత కత ఎక్కడ్నుంచి తెచ్చినావు?" అనేది.

ఆమెను తప్పుపట్టలేను. మావ కిడ్నీలు పాడై చనిపోయాక తోటను ఒంటిచేత్తో కాపాడుకుంది. అయినవాళ్లే గట్లు జరిపి కొంత నేల కలిపేసుకున్నారు. అప్పట్నుంచి కాయలు దింపించే రోజున తానే చెట్ల కింద నిలబడి కాయలు ఏరించేది.

నాన్న రిటైరయ్యాక మావాళ్లు పలాసలో స్థిరపడ్డారు. అక్కడ జీడిపప్పు వ్యాపారం పెట్టిస్తాను రమ్మని మా అమ్మ మా ఆయన్ను పిలుస్తోంది. అత్త ఔననలేదు, కాదనలేదు. సరిగ్గా ఆ వారమే సీరియల్లో మహారాజుకు పిల్లనిచ్చిన అత్తగారు కత్తి పట్టి గుర్రమెక్కింది. ఆమె కూడా భర్త పోయిన మనిషే. తన సైన్యంతో వెళ్లి అల్లుడికి లాహోరు గెలిచిపెట్టింది. ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

అత్త టీవీని వదిలి నన్ను చూసింది. "అల్లుడికి అత్త రాజ్యం ఇచ్చిందా? ఇది టీవీలో మాటా, మీ అమ్మ సెప్పమన్న మాటా?"

మా ఆయన నవ్వేశాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ తర్వాత పుట్టింటికి ఫోన్ చేస్తే చాలు, అత్త వచ్చి గుమ్మంలో నిలబడేది.

కొన్నాళ్లకు కొబ్బరి లోడుకు ఒక లారీ వచ్చింది. డ్రైవరు పంజాబు మనిషి. నెరిసిన గడ్డం, నీలం తలపాగా. అత్త వెంటనే మిలటరీలో పనిచేసి వచ్చిన మా చినమావను పిలిపించింది. "నువ్వు లోపలుండు" అంది నాతో. కిటికీ దగ్గర నిలబడి విన్నాను.

ఆ అత్తగారి సంగతి నిజమేనా అని చినమావ హిందీలో అడిగాడు. నిజమే, ఆమె లేకపోతే ఆ మహారాజే లేడన్నాడు డ్రైవరు. తర్వాత గొంతు తగ్గించాడు. చివరికి ఆ అల్లుడే ఆమె కోటలు లాక్కుని, ఆమెను ఖైదులో పెట్టాడట. ఆమె అక్కడే పోయిందట.

"నిజమేనంట వదినా. గొప్ప మనిసంట" అని చినమావ ఊరుకున్నాడు.

అత్త డ్రైవరు ముఖమే చూస్తోంది. "అతనంతసేపు మాటాడితే నువ్వింతే సెప్తన్నావేటి?"

అత్త కిటికీ వైపు తిరిగింది. "నువ్విన్నావు గదా. నువ్వు సెప్పు."

అల్లుడు మోసం చేశాడని చెబితే ఆమె కొడుకును అన్నట్టవుతుంది. దాచితే ఇన్నాళ్ల అనుమానమూ నిజమవుతుంది. చెప్పేశాను, ఖైదుతో సహా.

అత్త అరుగు మీద కూలబడింది. "రాజ్యం ఇచ్చినావిడ్నే లోపలేసినాడా?" అంది. కాయలు ఎక్కిస్తున్న కొడుకును పిలిచింది. "నువ్వలాగ సెయ్యవు గదా?"

మా ఆయనకు ఏమీ అర్థం కాలేదు. "ఏటి సెయ్యను?"

అత్త ఆ రోజు నుంచి నా తెలుగును తప్పుపట్టలేదు గానీ, టీవీలో మహారాజు ఎంత మంచిమాట చెప్పినా, "సూడు, ఎలాగ నమ్మిత్తన్నాడో" అనేది.

చెడ్డమాట కూడా దాచకుండా చెప్పాననేమో, వానలకు ముందే మేం పలాస వెళ్లడానికి ఒప్పుకుంది. పూండిలో రైలెక్కి తానూ మాతో వచ్చింది. గోడౌను అంతా తిరిగి చూసి, మా అమ్మను పక్కకు పిలిచింది.

"ఆడు నా కొడుకే గానీ వదినా, గోడౌను తాళం మటుకు నీకాడే ఉంచు."