ఓబులేసు గారిని నేను పస్తులుంచిన కథ

కడుపు నిండ తిని పెరిగిన ఒక పెద్దమనిషిని, ఆయన కన్నతల్లి ముందర, రెండు బస్సుల చుట్టాల ముందర పస్తులుంచిన ఘనుణ్ణి నేను. అది కూడ కలంతోని. ఇప్పుడు చెప్తుంటే మీకు నవ్వొస్తది గానీ, ఆ రోజు నేను దాక్కోవడానికి కొండాపూర్ల మంచి బండరాయి ఏదన్న దొరుకుతదా అని కిటికీల నుంచి చూసిన. అప్పట్ల అక్కడ బండరాళ్లకు కరువు లేకుండె.

తొంభైల చివరి సంగతి. హైటెక్ సిటీల గుండ్రటి బిల్డింగ్ కొత్తగ లేచింది. దాని చుట్టూ దుమ్ము, ఆ దుమ్ముల టై కట్టుకున్న మనుషులు. రోజుకొక కంపెనీ తెరుస్తున్నరు. ప్రతి కంపెనీకి తన గొప్పతనం చెప్పుకునే రంగుల పుస్తకం ఒకటి కావాలె. గవి రాసి, అచ్చేయించి ఇచ్చే ఏజెన్సీ పెడితే మనకు తిరుగుండదని నాకు తోచింది. చందానగర్ల మా నాన్న కిరాణా కొట్టు మీద ఒక రూమ్ ఖాళీగ ఉండె. బోర్డు రాయించిన. మొదటి వారంల ముగ్గురొచ్చిన్రు. ముగ్గురూ గ్యాస్ కనెక్షన్ ఎప్పుడిస్తరని అడిగిన్రు. మా బజార్ల ఏజెన్సీ అంటే గ్యాస్ ఏజెన్సీ ఒక్కటే మరి.

నాతోని విజయలక్ష్మి గారు ఉండె. రాజమండ్రి మనిషి. బాలానగర్ల ఒక ప్రింటింగ్ ప్రెస్సుల కంప్యూటర్ మీద పేజీలు తయారు చేస్తుండె. నేను చెప్పిన గొప్పలు విని ఆ నౌకరి వదిలేసి వచ్చిన్రు. ఆ ప్రెస్సు ఓనరు మంచోడు. పోయేటప్పుడు ఆమెతోని ఒకటే మాట అన్నడట: "ఒకటో తారీఖు దాక నీ కుర్చీ ఖాళీగ ఉంచుతనమ్మా. మల్లేశ్ ఏజెన్సీకి ఒక్క పనన్న దొరికితే సరే, లేకుంటే వచ్చి కూసో." ఆమె వెనక్కి పోతే నా ఏజెన్సీల మిగిలేది నేను, నా బోర్డు. గ్యాస్ కోసం వచ్చేటోళ్లు ఎట్లాగూ వస్తనే ఉంటరు.

ఇగ నా రోగం సంగతి చెప్పాలె. ఆదివారం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు పత్రికలు కొనుక్కొచ్చి, కంపెనీలు పెట్టినోళ్ల కథలు చదువుతుండె. చదివి చదివి నాకొక సత్యం బోధపడ్డది. వాళ్లంత పస్తులున్నోళ్లే. ఒకాయన నేల మీద పండుకున్నడు. ఒకాయన పొద్దుగాల నాలుగింటికి లేస్తడు. ఒకాయన మూడేండ్లు మధ్యాహ్నం అన్నమే ముట్టలేదు. అంటే కంపెనీ ఎట్ల పుడతది? ఆకలిల నుంచి పుడతది. నాకు ఆకలి లేదు, అందుకే పని దొరుకుతలేదు.

సరే అని మొదలు పెట్టిన. నాలుగింటికి లేచుడు, చన్నీళ్ల స్నానం, మధ్యాహ్నం ఒక్క బ్లాక్ టీ. కింద కొట్ల కందిపప్పు బస్తాలు, బెల్లం, పల్లీలు. పైన నేను పస్తు. మా అమ్మ డబ్బా పంపిస్తే వాపసు పంపిస్తున్న. మా నాన్న మెట్ల కింద నిలబడి, "వీనికి ఎవలన్న ఏదన్న చేసిన్రా ఏంది?" అని మా అమ్మను అడుగుడు నాకు వినబడుతుండె.

విజయలక్ష్మి గారు ఒకరోజు నన్ను కుర్చీల నిద్ర లేపి అన్నరు: "మల్లేశ్ గారూ, నాలుగింటికి లేచి పదింటికి మళ్ళీ పడుకునే బదులు, హాయిగా ఏడింటికే లేవచ్చు కదండీ."

"గొప్పోళ్ల అలవాటు అమ్మా ఇది."

"గొప్పవాళ్ళు గురక కూడా పెడతారాండీ?"

గిట్ల ఉన్నప్పుడే ఓబులేసు గారు దొరికిన్రు. కడప దిక్కు మనిషి. కొండాపూర్ల రెండంతస్తుల సాఫ్ట్‌వేర్ ఆఫీసు కట్టిండు. నెలాఖరున ప్రారంభం. ఆ రోజుకు ఎనిమిది పేజీల పుస్తకం కావాలె. ఇంగ్లీషుల ఒకటి, తెలుగుల ఒకటి. అందుల ఒక పేజీ ఆయన జీవిత కథ. "పుస్తకం బాగొస్తే ఏడాది పొడుగునా మా పనంతా నీకే అబ్బయ్యా" అన్నడు. ఒకటో తారీఖుకు పన్నెండు రోజులున్నయి. నేను డైరీ తెరిచి ఆయన ముందర కూసున్న.

"సార్, చిన్నప్పుడు మీరు పడ్డ కష్టాలు చెప్పండి."

"కష్టాలా? ఏం లేవే."

"ఆకలితోని ఎప్పుడన్న పండుకున్నరా?"

పాపం, బాగనే ఆలోచించిండు. "ఒకసారి. జొరమొచ్చింటే డాక్టరు లంకణం ఉండమన్యాడు."

రాసుకున్న: లంకణాలు.

"బడికి నడిచే పోయిన్రా?"

"నడిచే. బడి మా ఇంటి ఎదురుంగనే కదా."

రాసుకున్న: నడక.

"మీ నాన్నగారు ఏం చేసెటోళ్లు?"

"నూనె మిల్లు ఉండె మాకు."

అది రాసుకోలే.

ఇంతల పన్నెండున్నర అయింది. ఓబులేసు గారు ఫోన్ రిసీవర్ తీసి పక్కన పెట్టిండు. "పా, తిందాం" అని లేచిండు. బయట పొడుగు బల్ల. దాని మీద క్యారేజీలు. ఇంజనీర్లు, అకౌంటెంటు, డ్రైవరు, వాచ్‌మన్, అందరూ ఒక్క బల్ల చుట్టూ. ఆ అరగంట సింగపూర్ నుంచి ఫోనొచ్చినా ఎత్తరట. పని మాట ఎత్తితే లేచి పొమ్మంటరట. "నేను మధ్యాహ్నం తిననండి" అన్న గొప్పగ. ఆయన నన్ను దవాఖాన నుంచి వచ్చినోణ్ణి చూసినట్టు చూసిండు.

నాకు మాత్రం గుండెల రాయి పడ్డది. ఏ పత్రికలనన్న, ఏ పెద్దమనిషన్న, ఫోన్ పక్కన పెట్టి పప్పన్నం తిన్నట్టు ఉన్నదా? ఈ అలవాటు బయటపడితే ఆయన పరువేం గావాలె? దాచిపెట్టుడు నా ధర్మం అనుకున్న.

ఇంగ్లీషు పేజీల జర జాగ్రత్తగ, 'సామాన్య కుటుంబం' అని ఒక్క మాటతోని ఊకున్న. తెలుగుల మాత్రం పట్టపగ్గాల్లేవు. పూట గడవని ఇల్లు, చిరిగిన చొక్కా, వీధి దీపం కింద చదువు, తల్లి కొంగు చాటున దాచి పెట్టిన పిడికెడు కొర్రలు. రాస్తుంటే నాకే కండ్లల్ల నీళ్లొచ్చినయి. అది నా రాత గొప్పతనం అనుకున్న. పొద్దటి నుంచి ఏం తినలేదన్న సంగతి యాదికి రాలే.

విజయలక్ష్మి గారు పేజీ పెడుతూ ఆగిన్రు. "ఇవన్నీ ఆయన చెప్పారాండీ?"

"సారాంశం చెప్పిండు."

"పిడికెడు కొర్రలు ఏ సారాంశంలో ఉన్నాయండీ?"

"గది భావం అమ్మా."

"భావమో ఏదో, ఒకసారి ఆయనకి చదివి వినిపించండి. నా మాట వినండి."

తీసుకపోయిన. అబద్ధమెందుకు, నిజంగనే తీసుకపోయిన. ఆయన ఫోన్ల ఉన్నడు. రంగులు చూసిండు, ఫొటో చూసిండు, ఇంగ్లీషు పేజీ మీద కండ్లు తిప్పిండు. "తెలుగు నువ్వు బాగా చూసుకున్నావు కదా?" అన్నడు. "చూసుకున్న సార్" అన్న. సంతకం పెట్టిండు. వినిపిస్త అని ఒక్కమాట అంటే ఈ కథే లేదు. అనలే. వెయ్యి కాపీలు అచ్చయినయి.

ప్రారంభం రోజు ఓబులేసు గారి ఊరి నుంచి రెండు బస్సులు దిగినయి. ముందు వరుసల ఆయన తల్లి గంగులమ్మ గారు. మందపాటి అద్దాలు, నిండు చీర, చేతిల నా పుస్తకం. అక్షరం అక్షరం కింద వేలు పెట్టి చదువుతున్నది. మొదటి పేజీకి నవ్వింది. కొడుకు ఫొటోను తడిమింది. నేను మైకు పక్కన నిలబడి, మెచ్చుకోళ్లు వస్తయని చొక్కా గల్లా సర్దుకుంటున్న. ఆమె వేలు ఒక్కసారి ఆగింది.

పక్కన ఆమె తమ్ముడు అప్పటికే గట్టిగ చదువుతున్నడు. "పూట గడవని ఇంట పుట్టి... అక్కా, ఎవురిదే ఈ ఇల్లు?"

వెనక నుంచి ఇంకొకాయన అందుకున్నడు. "మరి నాలుగు బర్రెల పాలు ఎవురు తాగినారంట?"

రెండు బస్సుల జనం ఒక్కసారి నవ్విన్రు. నేను కూడ నవ్వబోయిన. గంగులమ్మ గారు మాత్రం నవ్వలే. అద్దాలు తీసి కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. ఏం చేసిన్నో అప్పుడు సమజైంది నాకు.

"ఎవురప్పా ఇది రాసింది?" అని అడిగింది గంగులమ్మ గారు.

విజయలక్ష్మి గారు నా దిక్కు చూడలే. చూస్తే నయముండె. ఓబులేసు గారు తెలుగు పేజీ మొదటిసారి చదువుకుంట నిలబడ్డడు.

"నేనేనమ్మా" అన్న.

"దీపం కింద చదివినాడని రాసినావే, మా వీధిలో దీపమే లేదు కదయ్యా. యాడ చదివినాడు?"

నేను మల్ల గల్లా సర్దుకున్న.

"చిరిగిన చొక్కా అంటివి. పండగొస్తే దర్జీ మా అరుగు మీదనే మిషను పెట్టుకుంటాండె. ఆయప్పను అడుగు, ఆ బస్సులోనే వచ్చినాడు." దర్జీ లేచి నిలబడ్డడు. ఆమె మల్ల నా దిక్కు తిరిగింది. "మీయమ్మ ఉండాదా?"

"ఉన్నదమ్మా."

"కడుపుకు పెట్టలేదని ఆమె మీద రాస్తే ఊరుకుంటావా?"

ఒకటో తారీఖు, బాలానగర్ కుర్చీ, గ్యాస్ కనెక్షన్లు, అన్నీ నా కండ్ల ముందర తిరుగుతున్నయి. సరిగ్గ అప్పుడే నా కడుపు మొత్తుకున్నది. చెప్పిన కద, మైకు పక్కనే నిలబడ్డ. వెనక వరుసల వాళ్లు కూడ తలెత్తి చూసిన్రు.

గంగులమ్మ గారు నన్ను ఎగాదిగా చూసింది. "పొద్దున ఏం తిన్న్యావు?"

"ఏం తినలేదమ్మా."

"నిన్న మధ్యాన్నం?"

"టీ తాగిన."

"మీ నాయన ఏం చేస్తాడు?"

"కిరాణా కొట్టు. దాని మీదనే మా ఆఫీసు."

"కొట్టు పైన కూచోని పస్తుంటివా?" అన్నది. అని, పుస్తకం మూసి, మెల్లగ అన్నది: "ఇది నా కొడుకు ఆకలి కాదు నాయనా. నీది. నీ ఆకలి తెచ్చి నా బిడ్డ పేరు మీద రాసినావు. పా, ముందు తిను."

పన్నెండున్నర అయింది. నన్ను తన పక్కనే కూసోబెట్టుకున్నది. విస్తరిల సంగటి ముద్ద, పల్లీలు నూరిన ఊరిబిండి, మీద నెయ్యి, ఆఖరికి ఓళిగలు, అంటే మన బొబ్బట్లే. నేను వద్దంటే ఇంకొకటి పడుతున్నది. తినిపిస్తూ చెప్పింది. వాళ్ల నూనె మిల్లుల మధ్యాహ్నం మర ఆపి, కూలోళ్లు, బండ్లోళ్లు, ఇంటోళ్లు ఒక్క పంక్తిల కూసొని తినెటోళ్లట. పిలగాడు ఓబులేసు అందరికీ నీళ్లు పోసుకుంట, ఎవరికి ఏం తక్కువైందో చూసుకుంట తిరిగెటోడట. ఆఖరు మనిషి తిన్నదాక మర తిప్పనిచ్చేటోళ్లు కాదట. "వాడికి తెలిసిన పని అదొక్కటే. మిగిలినవన్నీ ఆన్నుంచే నేర్చుకున్యాడు" అన్నది.

నేను దాచిపెట్టిన పొడుగు బల్లనే ఆ మనిషి కథ అంతా. నోట్ల ఓళిగ పెట్టుకొని సిగ్గుపడుడు ఎంత కష్టమో మీకు తెల్వది. నా నోరు ఖాళీ లేదు గదా, నా పక్కన కూసొని విజయలక్ష్మి గారు ఆమె చెప్పింది చెప్పినట్టు ఒక పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నరు.

కొత్త పేజీ ఎక్కడ అచ్చేయించినమో తెలుసా? బాలానగర్ల ఆ పాత ప్రెస్సుల్నే. ముందు గంగులమ్మ గారికి వినిపించిన, ఆమె తలూపినంకనే అచ్చు. చుట్టాలు ఊరు చూసిపోదామని రెండు రోజులు ఆగిన్రు గానీ, చార్మినార్‌కు సగం మందే పోయిన్రు. మిగిలినోళ్లు ఆఫీసు వరండాల కూసొని మైదా బంకతోని నా పేజీ మీద కొత్త పేజీ అంటించిన్రు. దర్జీ అంచులు కత్తిరించిండు. గంగులమ్మ గారు వంకర అంటించినోళ్లను తిట్టుకుంట తిరిగింది.

ఆఖరి రోజు భయపడుకుంటనే అడిగిన. "సార్, ఏడాది పని సంగతి..."

"నన్నడిగితే ఏముంది, మాయమ్మను అడుగు."

గంగులమ్మ గారు బస్సు కిటికీల నుంచి తీర్పు చెప్పింది. "ఇయ్యి నాయనా. తప్పు ఒప్పుకున్యాడు, మంచోడే. పన్నెండున్నరకు బల్ల కాడికి రాకుంటే మాత్రం ఇయ్యాకు."

ఒకటో తారీఖు పొద్దున ప్రెస్సు ఓనరు ఫోన్ చేసి కుర్చీ ఉంచాల్నా అని అడిగిండు. విజయలక్ష్మి గారు, "వేరే వాళ్ళని చూసుకోండి. మా ఓనరు గారు ఇప్పుడు రోజూ మధ్యాహ్నం భోజనం చేస్తున్నారండీ" అన్నరు. అవతల ఆయనకు ఏం సమజైందో నాకు తెల్వది గానీ, నేను మాత్రం మధ్యాహ్నానికి డబ్బా పంపమని మా అమ్మకు కేకేసిన.

కొన్నేండ్లకు మా ఏజెన్సీకే ఒక పుస్తకం కావలసొచ్చింది. నా కథ రాసే పని విజయలక్ష్మి గారికి ఇచ్చిన. నాలుగింటికి లేచుడు, చన్నీళ్లు, కష్టాలు, అన్నీ చెప్పిన. ఆమె అంతా విని ఒక్క ముక్క రాసిన్రు: 'ఈ సంస్థ స్థాపకుడు ఒకసారి ఆకలి మీద ఒకరి కథ రాశాడు. అప్పటినుంచి తిని రాస్తున్నాడు.' గదే అచ్చయింది. మా అమ్మ దాన్ని ఫ్రేమ్ కట్టించి కొట్ల కందిపప్పు బస్తాల మీద తగిలించింది.

కాబట్టి పాఠక మహాశయులారా, గంగులమ్మ గారి ఊరిబిండి సాక్షిగ ప్రమాణం చేస్తున్న. ఈ జన్మల ఇంకొక తల్లి బిడ్డను కాగితం మీద పస్తులుంచ. మా అమ్మ బిడ్డనైతే కాగితం బయట కూడ ఉంచ. పన్నెండున్నర అయింది, రిసీవర్ తీసి పక్కన పెట్టిన.