రెక్క వంచని రోజులు

మా అన్న కృపాదానం విమానం నడిపేవాడని చెబితే చాలు, వినేవాళ్ళు ఇస్త్రీ చొక్కా, భుజాల మీద బంగారు పట్టీలు ఊహించేసుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. మా అన్న నడిపింది సరుకుల విమానం. సెలవుకి ఇంటికొస్తే చొక్కా అంతా నూనె మరకలు, జుట్టులో కోడిపిల్లల నూగు. మా మేనమామ యెహోషువ అయితే వీధి చివరినుంచే కేకేసేవాడు, "అక్కా, గాలిలో లారీ తోలేవాడు వచ్చినాడు!" అని. అన్న నవ్వి ఊరుకునేవాడు.

మాది అల్లూరుకు తూర్పున, కాలవ దాటాక సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. నాన్న మిషన్ బడిలో పంతులుగా పనిచేసి, మేం చిన్నగా ఉండగానే పోయాడు. పెద్దయ్యాక నేనూ అదే బడిలో చేరాను. నాకు కోపమూ, నోరూ రెండూ ఎక్కువే. అన్న నాకు పూర్తిగా ఎదురు. యుద్ధం రోజుల్లో మద్రాసు వెళ్ళి విమానాల షెడ్డులో మెకానిక్‌గా చేరాడు. ఆ షెడ్డులోనే ఉంటూ, ఒకపూట తిని ఒకపూట మానుకుని, విమానం నడపడం నేర్చుకున్నాడు. యాభై ఎనిమిదిలో ఒక ప్రైవేటు సరుకుల కంపెనీ అన్నను పైలట్‌గా తీసుకుంది. వాళ్ళ దగ్గరున్నవి యుద్ధంలో వాడి వదిలేసిన డకోటా విమానాలు. గుడ్డల బేళ్ళు, మందుల పెట్టెలు, మోటారు సామాన్లు, కోడిపిల్లల బుట్టలు మద్రాసులో ఎక్కించుకుని విశాఖపట్నం చేర్చి, అక్కణ్ణుంచి కలకత్తా దాకా పోవాలి.

ఆ పనంటే అన్నకి ప్రాణం. పొద్దున్నే సముద్రం మీద ఎండ పరుచుకుంటుంటే పైనుంచి చూడాలట. వెనక కూర్చుని సణిగే మనుషులుండరు, కోడిపిల్లలు మాత్రం కిచకిచమంటుంటాయట. చెప్పేటప్పుడు అన్న మొహం వెలిగిపోయేది. పని పరిస్థితులు మాత్రం చెప్పేవాడు కాదు, మేమే ఒక్కొక్కటిగా లాగాం. ఎగిరిన గంటలకే జీతం. కాబట్టి జ్వరమొచ్చినా ఎగరాలి. పడుకునేది రెక్క కింద, మూటల మీద. పైకప్పు నుంచి వాన కారి ఒళ్ళో పడుతుంటే గోనెపట్టా కప్పుకుని నడపాలి.

విమానం దారి మా ఒడ్డు మీదుగానే. అన్న వచ్చే రోజు పొద్దున్నే మా అమ్మ రెబెక్కమ్మ చర్చి వెనక ఇసకదిబ్బ మీద ఎర్రదుప్పటి పరిచి నిలబడేది. విమానం కొంచెం కిందికి దిగి, ఎడమ రెక్క వంచి మళ్ళీ లేపుకుని పోయేది. 'అమ్మా, నేను బాగున్నా' అని దాని అర్థం. అమ్మ దుప్పటి దులిపి మడుచుకుని, ఆ పూటంతా కోడళ్ళు లేని ఇంట్లో మహారాణిలా తిరిగేది.

రానురాను కొన్ని రోజులు రెక్క వంచకుండానే పోసాగింది. అమ్మ మొహం మాడ్చుకునేది. "పెద్దోడైపోయినాడమ్మీ. అమ్మ కనబడటంలా ఇప్పుడు" అనేది. నేను ఇంకాస్త ఎగదోసేదాన్ని. అలాంటి రోజులు ఎక్కువైనాయి గానీ, ఎందుకని మేం అడగలేదు.

అరవైలో, ఎండాకాలం, అన్న సెలవుకి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. ఒక కొత్త అలవాటు పట్టుకొచ్చాడు. ఇంట్లో ఏ మూట కనబడినా చేత్తో ఎత్తి చూస్తాడు. వడ్ల బస్తా, నీళ్ళ బిందె, చివరికి నా పుస్తకాల సంచి. ఎద్దులబండిలో మనుషులు కిక్కిరిసి కూర్చుంటే దిగి నడిచేస్తాడు. పెళ్ళి మాట ఎత్తితే, "ఇంకో మనిషిని కూడా ఎందుకులే" అని లేచిపోతాడు. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు.

ఒక సాయంత్రం అల్లూరు సంత నుంచి తిరిగొస్తున్నాం, అమ్మ, అన్న, నేను. కాలవ దాటించే చిన్నపోలయ్య పడవ నిండా జనం, బియ్యం మూటలు, రెండు మేకలు. పడవ అంచుకీ నీళ్ళకీ మధ్య బెత్తెడు కూడా లేదు. సముద్రపు గాలి లేచింది. కాలవ అక్కడ ఉప్పుటేటిలో కలుస్తుంది కాబట్టి వెడల్పూ ఎక్కువే, లోతూ ఎక్కువే.

అన్న వెళ్ళి పడవ తాడు పట్టుకున్నాడు. "రెండు మూటలు దించు, చిన్నపోలయ్యా."

"ఏందన్నా, ఎగతాళా? రోజూ ఇంతే గదా. ఎప్పుడన్నా మునిగిందా?"

"దించమంటా ఉండా గదా!"

పడవలో వాళ్ళు పకపకా నవ్వారు. ఆకాశంలో తిరిగేవాడికి కాలవంటే భయమంట అన్నారెవరో. అమ్మకు తలకొట్టేసినట్టయింది. "నువ్వు ఒడ్డునే ఉండు నాయనా, మేం పోతాం" అని విసవిసా వెళ్ళి ఎక్కేసింది. నేను ఎక్కబోతే అన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఎంత గుంజుకున్నా వదల్లేదు. నాకు అప్పుడే భయం పుట్టింది. పడవ చూసి కాదు, ఆ పట్టు చూసి.

పడవ కదిలింది. మధ్యలో ఒకసారి పక్కకు ఒరిగింది. అన్న నోట్లోంచి ఏదో చప్పుడు వచ్చింది. మళ్ళీ సర్దుకుని అవతలి ఒడ్డు చేరింది. అక్కణ్ణుంచి చేతులూపుతూ నవ్వులు. అన్న బురదలోనే కూలబడ్డాడు.

"చేరింది గదన్నా, ఇంకేంది?" అన్నాను విసుగ్గా.

"చేరింది గదా, అదే నాకు భయం" అన్నాడు. "ఇయ్యాల చేరింది గాబట్టి రేపు ఇంకో మూట ఎక్కిస్తాడు. అదీ చేరితే ఎల్లుండి ఇంకోటి. మా కంపెనీలోనూ అంతే. రాసేది ఒక బరువు, ఎక్కించేది ఒక బరువు. నేను కాదంటే బెంచీ మీద ఇంకొకడు కూచోని ఉంటాడు. నోరు మూసుకోని ఎగరతా ఉండా."

చేతుల బురద నీళ్ళలో కడుక్కుంటూ అన్నాడు. "అమ్మ కోపం చేసుకుంటాది గదా, రెక్క వంచలేదని. బరువెక్కువైతే వంచకూడదు అమ్మీ. అంత కిందికి దిగి వంచితే మళ్ళీ లేవదు."

రెక్క వంచని రోజులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అమ్మను ఎగదోసి నవ్విన రోజులవి. ప్రతిసారీ మా నెత్తిమీదుగా అన్న ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోయాడన్నమాట.

"మానెయ్ అన్నా" అన్నాను.

"మానేసి ఏం చెయ్యాల? నాకొచ్చింది ఇదొక్కటే. దీన్ని ఇష్టపడినంతగా నేను దేన్నీ ఇష్టపళ్ళా."

సెలవు అయిపోయింది. అన్న వెళ్ళిన రోజే నేను అమ్మతో అంతా చెప్పేశాను. నా నోరు ఆగదని ముందే చెప్పాను గదా. అమ్మ చేటలో బియ్యం అలాగే వదిలేసి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత విమానం వచ్చే రోజుల్లో చప్పుడు వినబడటానికి చాలా ముందే ఇద్దరం దిబ్బ మీద ఉండేవాళ్ళం. దక్షిణాన మచ్చ కనబడగానే అమ్మ ఊపిరి బిగబట్టేది. వంచితే ఏడ్చేది. వంచకపోతే, విమానం కనుమరుగయ్యాక కూడా ఆ దిక్కుకేసి చూస్తూ నిలబడేది. సాయంత్రం దాకా మెతుకు ముట్టేది కాదు. బడిలో పిల్లలు ఏది అడిగినా నేను కసిరేదాన్ని.

వానలు మొదలయ్యే ముందు ఒకరోజు వచ్చింది. మబ్బు పట్టి ఉంది. చప్పుడు ఎప్పటిలా లేదు, ఆయాసంతో మెట్లెక్కే మనిషిలా ఉంది. మచ్చ పెద్దదవుతోంది గానీ పైకి లేవడం లేదు. తాటిచెట్ల మీదకే వస్తోంది. కోళ్ళు కేకలేస్తూ గుడిసెల్లో దూరాయి. చక్రాలకంటిన మట్టి కూడా కనబడింది నాకు. అమ్మ దుప్పటి మీదే మోకాళ్ళూని, రెండు చేతులూ పైకెత్తి, "ఎత్తుకో ప్రభువా, ఎత్తుకో, నా బిడ్డను పైకెత్తుకో!" అని అరుస్తోంది. తాటాకులు విరిగినట్టు చప్పుడైంది. నేను కళ్ళు మూసుకున్నాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, చూడలేకపోయాను.

కళ్ళు తెరిచేసరికి అది ఉత్తరాన సముద్రం మీద పోతూ ఉంది. రెక్క వంచలేదు.

ఆ వారంలోనే అన్న ఇంటికొచ్చాడు, పెట్టె నెత్తిన పెట్టుకుని. అమ్మ గడపలోనే అన్న మొహం, చేతులు, వీపు అన్నీ తడిమి చూసింది. అన్నం పెడుతుంటే అన్న తలెత్తకుండా చెప్పాడు.

"ఆ రోజు నువ్వు మోకాళ్ళ మీద ఉండావు. నాకు కనబడినావమ్మా. వంచుదామని చెయ్యి పోయింది. వంచితే నీ మీదనే పడతా. అట్నే బిగబట్టుకోని పోయినా. తిరిగి మద్రాసు పోయినాక, మళ్ళీ లోడు ఎక్కిస్తా ఉంటే, రెండు మూటలు దించితేనే ఎగరతానని చెప్పినా."

"మేనేజరు ఏమన్నాడన్నా?" అన్నాను.

"నవ్వినాడు. మొన్న చేరినావు గదా, ఇంకేందన్నాడు. ఇంజను కట్టేసి దిగినా. అప్పుడు సంజీవరావును పిలిచినాడు."

సంజీవరావు అన్న పక్క సీట్లో కూర్చునే రెండో పైలట్, చిన్నవాడు. మా ఎర్రదుప్పటి సంగతి వాడికి తెలుసు. ఒకసారి మా ఇంట్లో చేపల పులుసు తిని, అమ్మ కాళ్ళకు దండం పెట్టి పోయాడు. కొత్తగా పెళ్ళయింది.

"నా మొహం చూళ్ళేదమ్మా వాడు. తల దించుకోని ఎక్కినాడు. మూటలు దించలా. చేరినాడు కూడా."

ఊళ్ళో నవ్వులకు కొదవ లేకపోయింది. మేనమామ, "లారీ దిగినాడు" అన్నాడు. చేరిన విమానాన్ని వదిలేసి వచ్చిన పిరికివాడి కింద జమకట్టారు. ఎవరికని సమాధానం చెబుతాం? ఏ విమానమూ కూలలేదు, ఎవరూ చావలేదు. అన్న చెప్పింది నిజమని చూపడానికి మా దగ్గర ఏమీ లేదు. ఒకరిద్దరిని నేను కడిగేశాను గానీ, అన్న ఆపాడు. "భయం నిజమే గదా, ఉండనీ" అన్నాడు.

అన్న వచ్చిన రెండోనాడు పొద్దున్న విమానం వచ్చే వేళకు అమ్మ పెట్టె మూత తీసి దుప్పటి బయటికి లాగింది. అన్న అరుగు మీద నుంచి, "ఎందుకమ్మా? నేను ఈడనే ఉండా గదా" అన్నాడు.

"నీకు కాదు" అంది అమ్మ.

ముగ్గురం దిబ్బ మీదికి పోయాం. అమ్మ దుప్పటి పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా ఇసక పోసింది. మచ్చ కనబడింది. చప్పుడు వినగానే అన్న మొహం తెల్లబోయింది. ఆ ఆయాసపు చప్పుడు నాకూ తెలుసు. సంజీవరావు మమ్మల్ని చూసే ఉంటాడు. ఎర్రదుప్పటి చుట్టూ ముగ్గురం, ఎట్లా కనబడం? అమ్మ పెదవులు కదులుతున్నాయి. ఈసారి నేను కళ్ళు మూసుకోకుండా ఎడమ రెక్కనే చూశాను.

వంచలేదు.

అన్న విమానం వెంట పరుగెత్తాడు. నీళ్ళలో మోకాళ్ళ లోతు దాకా పోయి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "దించరా! రెండు మూటలు దించమని చెప్పరా!" అని అరిచాడు. ఒడ్డున వలలు సర్దుకుంటున్నవాళ్ళు నవ్వబోయి ఆగిపోయారు.

తర్వాత అన్న బుచ్చిరెడ్డిపాలెంలో ఒక రైసుమిల్లు ఇంజను చూసుకుంటూ బతికాడు. ఆకాశం ఊసు ఎత్తేవాడు కాదు. అమ్మ మాత్రం ఆ కంపెనీ విమానాలు తిరిగినన్నాళ్ళూ దుప్పటి పరుస్తూనే ఉంది. సంజీవరావు రెక్క వంచిన రోజు పొయ్యి వెలిగించేది. వంచని రోజు ఇంట్లో ఎవరికీ అన్నం లేదు, ఎందుకని ఎవరమూ అడగలేదు.