మెత్తటి ఒర

అప్పలకొండ ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీ మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూస్తాడు. ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు. బిలాస్‌పూర్ రైల్వే కోచింగ్ డిపోలో ముప్ఫై నాలుగేళ్ళు ట్రిమ్మర్‌గా పనిచేశాడాయన. ట్రిమ్మరంటే రైలు బెర్తులకి స్పాంజి పరిచి రెగ్జిన్ కుట్టేవాడు. పెళ్ళిచూపులకి వెళ్ళినా పిల్ల సంగతి వదిలేసి వాళ్ళ సోఫాని తిట్టిపోసి వచ్చే రకం. "కూకున్నోడికి సీటు గేపకం రాకూడదు, అదీ కుట్టుడంటే" అని రోజుకి నాలుగుసార్లు అనకపోతే ఆయనకి అన్నం సయించదు. భార్య చిన్నతల్లికి ఆ మాట విని విని చెవులు తూట్లు పడ్డాయి.

రిటైరయ్యాక సిర్గిట్టిలో చిన్న ఇల్లు కట్టుకుని, వరండాలో మిషను వేసుకుని స్కూటర్ సీట్లూ ట్రాక్టర్ సీట్లూ కుట్టేవాడు. పోయిన ఏడాది దసరా ముందు శంకరరావు ఆ వరండా ఎక్కాడు. ఆయన తండ్రి కూడా రైల్వేలో గార్డు చేసినవాడే. కొడుకు మాత్రం వ్యాపార్ విహార్‌లో లారీల ఆఫీసు పెట్టుకున్నాడు. దారిలో ఒకసారి ఎవరో అటకాయించాక లైసెన్సు తీసుకుని చిన్న పిస్తోలు కొనుక్కున్నాడు. కొనడం తేలికగానే అయింది. దాన్ని ఒంటి మీద పెట్టుకుని తిరగడమే ప్రాణానికి వచ్చింది.

"మావా, నిలబడితే కనబడుతుంది, కూచుంటే గుచ్చుతుంది. భోజనానికి కింద కూచుంటే చచ్చిపోతున్నా యార్" అంటూ మూడు ఒరలు మిషను మీద పడేశాడు.

మొదటిది బెల్టుకి తగిలించుకునే నైలాన్ సంచి. అది పెట్టుకుంటే చొక్కా పక్కకి ఉబ్బి, దాచినదేదో ఊరంతటికీ తెలిసిపోతోంది. రెండోది చీలమండకి కట్టుకునేది, నాలుగడుగులు వేస్తే చర్మం లేచిపోతోంది. మూడోది నాగపూర్‌లో కొన్న తోలు ఒర. ప్యాంటు లోపలికి దిగి బాగానే దాక్కుంటుంది గానీ దాని మూతి చెక్కలా బిర్రుగా ఉంది. శంకరరావు చొక్కా ఎత్తి చూపిస్తే బొజ్జ పక్కన ఎర్రగా కమిలిపోయి ఉంది.

అప్పలకొండ బ్లేడు తీసుకుని ఆ నాగపూర్ ఒర మూతి విప్పాడు. రెండు తోలు పొరల మధ్య సన్నటి ఇనప పట్టీ కనబడింది.

"ఏ బుద్దిలేనోడు కుట్టేడో! మనిసి నడుం కాడ ఇనుం ఎడతారేటి?" అని పకపకా నవ్వి, ఆ పట్టీని తీసి చిత్తు డబ్బాలో పడేశాడు.

ఆ పట్టీ అక్కడ ఎందుకుందని ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఆయన ఆలోచించలేదు. బెర్తులు కుట్టిన చెయ్యి కదా, గట్టిగా తగిలినదల్లా తప్పే అనుకుంది.

దర్జీలు మనిషిని నిలబెట్టి కొలతలు తీస్తారు, అప్పలకొండ కూర్చోబెట్టి తీశాడు. స్టూలు మీద, నేల మీద బాసింపట్టు వేయించి, శంకరరావు బొలెరో సీటులో, మూడు చోట్లా సుద్దముక్కతో గీతలు పెట్టుకున్నాడు. శంకరరావు గుళ్ళన్నీ తీసేసి ఇచ్చిన పిస్తోలుని చూస్తూ, అచ్చం దానిలాంటి చెక్కబొమ్మ ఒకటి చెక్కుకున్నాడు. మెత్తటి మేకతోలు, లోపల పలచటి స్పాంజి, దాని మీద ఫ్లానెల్ గుడ్డ, అడుగు ఖాళీ. తొడకి తగలకుండా, గొట్టం వెనక్కి చూసేలా ఏటవాలుగా కుట్టాడు. మూడోసారి తొడిగి చూసినప్పుడు శంకరరావు గొంతుక్కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, "ఉన్నట్టే లేదు మావా!" అన్నాడు. ఆ మాటని అప్పలకొండ వారం రోజులు వీధంతా మోశాడు.

ఈ మార్చిలో ఒక మధ్యాహ్నం వ్యాపార్ విహార్‌లో తుపాకి పేలింది.

తగిలింది దిలీప్‌కి. అప్పలకొండ ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే అప్పయమ్మ కొడుకు. పద్దెనిమిదో ఏట నుంచీ శంకరరావు దగ్గరే డ్రైవరు, ఆయన్ని "అన్నా" అని పిలుస్తాడు, ఆ ఇంట్లోనే సగం భోజనాలు. ఆ రోజు బెల్తరా ఊరికి వెళ్ళాల్సిన లోడు మీద ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. టైరు అరిగిపోయింది, మార్చకుండా వెళ్ళనని దిలీప్ అన్నాడు. ముందు వెళ్ళి రమ్మని శంకరరావు అరిచాడు. పదిమంది హమాలీలు విన్నారు. చివరికి దిలీప్ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని నట్లు విప్పుతున్నాడు. శంకరరావు ఆఫీసు బల్ల మీద పెట్టిన పిస్తోలు తీసుకుని బయటికి వచ్చి, దిలీప్‌కి వీపు పెట్టి నిలబడి, దాన్ని నడుంలోకి దోపుకుంటున్నాడు. ఢామ్మంది. అందరూ తిరిగి చూసేసరికి శంకరరావు చేతిలో పిస్తోలు ఉంది, దిలీప్ మోకాలు రక్తం కక్కుతోంది.

"నేను నొక్కలేదు" అని శంకరరావు మొత్తుకున్నాడు. ఎవరు నమ్ముతారు? హత్యాయత్నం కేసు పెట్టి జైల్లో వేశారు.

నాలుగో రోజు ఆయన భార్య మాధవీలత ఒక సంచి తెచ్చి అప్పలకొండ చేతిలో పెట్టింది. "ఆ గాభరాలో ఆయన ఊడదీసి పడేసినట్టున్నారు, బొలెరోలో పడుంది మావయ్యా. దీన్ని ఇంట్లో పెట్టుకోలేను, చూడలేను. మీరు కుట్టిందే కదా, మీరే తీసుకోండి" అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పలకొండ ఒరని వెలుతురులోకి పట్టుకుని చూశాడు. ఆరు నెలల చెమటకి మేకతోలు ఇంకా మెత్తబడి, మూతి వడిలిపోయి లోపలికి మడత పడి ఉంది. ఆ మడత సరిగ్గా ట్రిగ్గర్ ఉండే చోట ఉంది. పిస్తోలుని కిందికి తోస్తే ఆ మడతే వేలులా ట్రిగ్గర్ నొక్కుతుంది. ఒర అడుగున ఫ్లానెల్ గుడ్డ కాలి మసిబారి ఉంది. అంటే ఒరలో ఉండగానే పేలింది. నిటారుగా కుట్టి ఉంటే గుండు శంకరరావు కాల్లోకి పోయేది. వాలుగా కుట్టింది తనే. మూతి మూసుకుపోకుండా ఆ ఇనప పట్టీ పెట్టినవాడు బుద్ధిలేనివాడు కాడు. బుద్ధిలేనివాడెవడో ఆయనకి ఆ వరండాలోనే తెలిసింది.

ఆ సంచిని తీసుకెళ్ళి ట్రంకుపెట్టెలో రెగ్జిన్ ముక్కల కింద దాచేశాడు. పోలీసులంటే భయం ఒక పక్క. కానీ నిజం చెప్పాలంటే భయం కన్నా సిగ్గే ఎక్కువ. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన కుట్టిన దానికి ఎవరూ వంక పెట్టలేదు. ఆ పేరు పోతుందని నోరు కుట్టేసుకున్నాడు.

దిలీప్ ఆసుపత్రి నుంచి చంకకర్రలతో వచ్చాడు. మోకాలు ఇక వంగదన్నారు. చిన్నతల్లి రోజూ చారూ అన్నమూ పట్టుకెళ్ళేది. అప్పలకొండ ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళకుండా వెనక సందులోంచి తిరిగి వెళ్ళేవాడు. ఏదో ఒకటి చెయ్యకపోతే ఉండలేక, చంకకర్రల పైన స్పాంజి చుట్టి రెగ్జిన్ కుట్టి ఇచ్చాడు.

"ఎంత మెత్తగా ఉంది పెద్నాన్నా! చంకలో కర్ర ఉన్నట్టే లేదు" అన్నాడు దిలీప్.

ఆ పూట అప్పలకొండకి ముద్ద దిగలేదు. చిన్నతల్లి ఏమైందని అడిగితే కంచం పక్కకి తోసి లేచిపోయాడు.

మూడు నెలలు అలాగే గడిచాయి. జూన్‌లో కోర్టు తారీఖు సోమవారం ఉందనగా, శనివారం పొద్దున్న దిలీప్ తన అరుగు మీద కూర్చుని చెబుతున్నాడు.

"అన్న నన్ను సీదా చూసి కాల్చాడు పెద్నాన్నా. కోర్టులో అదే చెప్తా. ఆ కళ్ళు ఇంకా కనిపిస్తున్నాయి నాకు. టైరు మార్చమన్నా, అంతే కదా! దానికి చంపేస్తారా?"

అప్పలకొండకి బాగా గుర్తుంది. మార్చిలో ఇదే కుర్రాడు "తల వంచుకుని నట్లు విప్పుతున్నా, ఏం చూడలేదు" అన్నాడు. చూడని కళ్ళు ఇప్పుడు కనబడుతున్నాయి. శంకరరావుని జైల్లో కుళ్ళబెట్టడమే కాదు, ఈ పిల్లాడి మనసులో లేని హంతకుణ్ణి కూడా కూర్చోబెట్టింది తన మౌనమే.

గబగబా ఇంటికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచాడు. ఒరా, చెక్కబొమ్మా, చిత్తు డబ్బాలో వెతికి ఇనప పట్టీ తీసుకుని మళ్ళీ వచ్చాడు. వెనకాలే చిన్నతల్లి, "ఏటయ్యింది? ఏటి అట్టుకెల్తన్నావు?" అంటూ పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో అప్పయమ్మ నిలబడిపోయింది.

"ఒరే, సూడు" అన్నాడు అప్పలకొండ. చెక్కబొమ్మకి ట్రిగ్గర్ చోట ఒక అగ్గిపుల్ల అడ్డంగా గుచ్చాడు. ఒరలోకి తోశాడు. మూతి మడత పడింది. పుల్ల టిక్కుమని విరిగింది.

దిలీప్‌కి అర్థం కాలేదు. అప్పలకొండ ఇంకో పుల్ల గుచ్చి అతని చేతికే ఇచ్చాడు. దిలీప్ తోశాడు. మళ్ళీ టిక్కుమంది.

"శంకరరావు బావు నొక్కనేదురా. నాను కుట్టిందే నొక్కింది. ఇదిగో ఈ ఇనప పట్టీ ఉంటే మడత పడకపోను. నానే పీకీసినాను, మెత్తగుండాలనీసి. నీ మోకాలు నానే తినేసినాను." ఒరని తిరగేసి, అడుగున కాలిన గుడ్డ చూపించాడు.

దిలీప్ ఆ మసిని వేలితో రాసి చూసుకున్నాడు. ఆ వేలు చూసుకుంటూనే అడిగాడు. "ఇది నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మీ వొదిన తెచ్చిచ్చిన కాణ్ణించి."

"అంటే నాలుగో రోజు నుంచి."

"అవును."

అప్పయమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. చిన్నతల్లి మొగుడి వంక చూడలేదు.

"గుండు తగలడం నీకు తెలీక జరిగింది పెద్నాన్నా" అన్నాడు దిలీప్. "అన్న నన్ను చంపాలనుకున్నాడని మూడు నెలలు ఏడుస్తూ పడుకున్నా చూడు, అది నీకు తెలిసే జరిగింది."

దిలీప్ చంకకర్రలు ఒళ్ళో పెట్టుకుని, పైన కుట్టిన మెత్తల్ని పళ్ళతో దారం తెంపి, ఒక్కొక్కటే ఊడదీసి ఆయన ముందు పెట్టాడు.

సోమవారం ఇద్దరూ కలిసే కోర్టుకి వెళ్ళారు. దిలీప్ ముందు వట్టి కర్రల మీద నడుస్తున్నాడు, అప్పలకొండ వెనక సంచి పట్టుకుని నడుస్తున్నాడు. సంచిలో ఒరా, బొమ్మా, పట్టీ ఉన్నాయి. మొదట ఏం చెప్పాలో దారంతా తనలో తనే చెప్పుకుంటూ వచ్చాడు. నాను కుట్టినాను, తప్పు నాది. కోర్టు గేటు దాటేసరికి దిలీప్ చొక్కా చంకల దగ్గర కర్ర రాపిడికి నెత్తురుతో తడిసి అంటుకుపోయింది. అడుగు అడుగుకీ పళ్ళు బిగిస్తున్నాడు.

అప్పలకొండ ఉండబట్టలేక అడిగాడు. "నొప్పెడతందేట్రా?"

"పెట్టనీ పెద్నాన్నా" అన్నాడు దిలీప్. "నువ్వు ముందు లోపలికి నడు."