రేవులో మా చెల్లెల్ని ఒడ్డుకు చేర్చిందెవరు?

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే అక్కడినుంచి లేచిపోయే మనిషిని నేను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కంటికి కనపడని దాన్ని దేన్నీ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది మాత్రం, ఆనాటి డైరీ ముందు పెట్టుకుని, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

డెబ్భయ్యో దశకం చివరి సంగతి ఇది. కొత్తపేట దగ్గర కాలవ గట్టున మా ఇల్లు. మా చెల్లెలు సుభద్రకు చిన్నప్పటినుంచీ మూర్ఛలు. మా ఊళ్ళో ఎవరికి మూర్ఛ వచ్చినా వైద్యం ఒకటే. వెల్లకిలా పడుకోబెట్టి, చేతిలో ఇనప తాళాల గుత్తి పెట్టి, మొహాన నీళ్ళు కొట్టేవారు.

అమలాపురంలో ఒక ఆసుపత్రివారు మూర్ఛకు మాత్రలు ఇవ్వడం మొదలుపెట్టాక, ఎస్తేరమ్మగారనే నర్సు నెలకోసారి రోగుల ఇళ్ళకు వచ్చేవారు. మూర్ఛ వస్తే ఏం చేయాలో ఇంట్లోవాళ్ళ చేత చేయించి చూసి మరీ వెళ్ళేవారు. మనిషిని ఎడం పక్కకు తిప్పాలి. తల కింద మెత్తటి బట్ట పెట్టాలి. జుట్టు నోట్లో పడకుండా నడినెత్తిన ముడి వేయాలి. ఈ ముడి ఆవిడ సొంత పద్ధతి. తెలివి వచ్చేదాకా పక్కనే కూర్చుని, రాగానే ఏ వారమో, ఎక్కడ ఉందో, ఎవరు వస్తున్నారో చెప్పాలి.

"లేచేసరికి తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లలా ఉంటదండీ మనిషి. ఊరూ వారం చెబితే భయం పోద్ది" అనేవారు.

పక్కింటి సూరమ్మ పిన్ని మాత్రం ఒప్పుకునేది కాదు. "తాళాలు పెట్టకుండా మూర్ఛ దిగుద్దా నర్సమ్మగారూ?"

"దాని టైముకి అదే దిగుద్దండి. ఆ తాళాలేవో మీ బీరువాకి వేసుకోండి పిన్నిగారూ" అన్నారు ఆవిడ. సుభద్ర పకపకా నవ్వింది.

ఆ పద్ధతి ఊళ్ళో అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ చేతకాదు; సూరమ్మ పిన్ని చూసిందే గాని నేర్చుకోలేదు.

ఒక శీతాకాలం ఎస్తేరమ్మగారు రాలేదు. టైఫాయిడ్‌తో వాళ్ళ ఆసుపత్రిలోనే మంచాన పడ్డారని కబురు తెలిసింది. ఆ రోజుల్లోనే ఒక గురువారం ఉదయం అమ్మ రామచంద్రపురంలో బంధువుల ఇంట్లో ఉంది. నేను పెరట్లో కొబ్బరికాయలు దింపిస్తున్నాను. ఒంటరిగా రేవులోకి దిగకూడదని తెలిసి కూడా సుభద్ర గిన్నెలు తోమడానికి వెళ్ళింది. ఇంట్లో కనపడకపోయేసరికి పరుగెత్తాను.

కాలవ నిండుగా పారుతోంది. ఒక గిన్నె నీళ్ళ మీద తేలుతూ దూరంగా పోతోంది.

సుభద్ర రేవు పై మెట్టు మీద ఉంది. తలతో సహా తడిసిపోయి, ఎడం పక్కకు తిరిగి పడుకుని ఉంది. పెదవి కొరుక్కున్న చోట రక్తం. తల కింద దాని ఓణీయే మడతపెట్టి ఉంది. జుట్టు నడినెత్తిన ముడివేసి ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

మూర్ఛ వచ్చిపోయాక దాని పేరు దానికి గుర్తు రావడానికే చాలాసేపు పట్టేది. ఆ రోజు నన్ను చూస్తూనే, "గురువారం. రేవులో ఉన్నాను. అన్నయ్య వస్తున్నాడంది" అంది.

"ఎవరే?"

అప్పుడూ, తరువాత ఎన్నిసార్లు అడిగినా గుర్తు లేదనే చెప్పింది.

సూరమ్మ పిన్ని తాళాల గుత్తితో పరుగెత్తుకొచ్చి, ఆ ముడి చూసి, అలాగే నిలబడిపోయింది.

ఊరంతా అడిగాను. మా ఊళ్ళో కాలవలోంచి మేకపిల్లను తీసినవాడు కూడా నెల్లాళ్ళు చెప్పుకుంటాడు. మనిషిని తీసినవాళ్ళు నోరు మెదపకుండా ఉంటారా? పైగా ఊరివాళ్ళే అయితే వెల్లకిలా పడుకోబెట్టి ఉండేవారు.

మర్నాడు అమలాపురం వెళ్ళాను. ఎస్తేరమ్మగారు లేచి కూర్చోలేని నీరసంలో ఉన్నారు. వారం రోజులుగా మంచం దిగలేదని వార్డులోవాళ్ళు చెప్పారు. జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఏ పక్కకి తిరిగి ఉందండీ?"

"ఎడం పక్కకి."

"ఆయ్. అయితే తెలిసినవాళ్ళే పడుకోబెట్టేరండి. మాత్రలు మాత్రం మానిపించకండి" అని కళ్ళు మూసుకున్నారు.

సుభద్ర మాత్రలు మానలేదు. మూర్ఛలు క్రమంగా తగ్గాయి. పారే కాలవలోంచి మనిషిని పైమెట్టు దాకా చేర్చాలంటే బలమైన చేతులు కావాలి. ఆ చేతులు ఎవరివో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. దణ్ణం పెడదామంటే ఎటు తిరిగి పెట్టాలో కూడా తెలియదు.